మణికట్టు మీది ఆ శాతం దేని లెక్క? డైవింగ్‌లో ఆక్సిజన్ మీద పాఠకుల ప్రశ్నలు

స్కూబా డైవర్లు కట్టుకునే కంప్యూటర్లో సీఎన్‌ఎస్, ఓటీయూ అని కనబడే అంకెల గురించి అడిగిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను 32కో 36కో పెంచి నింపితే అది నైట్రాక్స్. నైట్రోజన్ తగ్గుతుంది కాబట్టి అడుగున ఎక్కువసేపు ఉండొచ్చు. బదులుగా ఆక్సిజన్ లెక్క చూసుకోవాలి, మోతాదు మించితే అదే విషం. మెదడుకు సంబంధించిన లెక్క సీఎన్‌ఎస్, ఊపిరితిత్తులది ఓటీయూ.

ప్రశ్న: రుషికొండ దగ్గర డైవ్ కంప్యూటర్ అద్దెకు తీసుకున్నాను. నీళ్లలో దిగకముందే సీఎన్‌ఎస్ 9 శాతం అని చూపించింది. నాది మామూలు గాలి సిలిండరే. కంప్యూటర్ పాడైందా? అసలు ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో దానికెలా తెలుస్తుంది? (విశాఖపట్నం)

పాడవలేదు. ఆ రోజు మీకన్నా ముందు అది ఇంకెవరి చేతికో ఉండి నీళ్లలో దిగింది. వాళ్ల ఖాతా మీకు తగిలింది, అంతే.

ఇక రెండో ప్రశ్న. మీ ఒంట్లో ఆక్సిజన్ సంగతి దానికి ఏమీ తెలియదు. సిలిండర్లో ఏముందో కూడా తెలియదు. దాని దగ్గర ఉన్నవి మూడే: నీటి పీడనం కొలిచే సెన్సరు, గడియారం, మీరు బటన్ నొక్కి పెట్టిన ఆక్సిజన్ శాతం. ఆ శాతాన్ని పీడనంతో గుణిస్తే ఆక్సిజన్ పాక్షిక పీడనం వస్తుంది. డైవర్లు పీఓటూ అనేది దీన్నే. ఉపరితలం మీద పీడనం 1 బార్. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఇంకో బార్ కలుస్తుంది. 18 మీటర్ల దగ్గర 2.8 బార్. దాన్ని 0.21తో గుణిస్తే 0.59.

ఇక్కడ నోవా పట్టిక వస్తుంది. నోవా అంటే సముద్రాలను, వాతావరణాన్ని చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ. 1991 నాటి దాని డైవింగ్ మాన్యువల్‌లో ఏ పీఓటూ దగ్గర ఒక డైవ్‌లో ఎన్ని నిమిషాలు ఉండొచ్చో ఇచ్చారు. 0.6 దగ్గర 720 నిమిషాలు, 0.9 దగ్గర 360, 1.0 దగ్గర 300, 1.2 దగ్గర 210, 1.3 దగ్గర 180, 1.4 దగ్గర 150, 1.5 దగ్గర 120, 1.6 దగ్గర 45. చివరి రెండు అంకెల మధ్య ఎంత దిగిపోయిందో గమనించండి, మళ్లీ దాని దగ్గరకే వస్తాం.

కంప్యూటర్ చేసే పనల్లా, ఆ నిమిషాల్లో మీరు ఎంత వంతు వాడుకున్నారో కూడుకుంటూ పోవడం. 18 మీటర్ల దగ్గర మామూలు గాలితో 45 నిమిషాలుంటే, 720లో 45 అంటే 6 శాతం. లోతు మారితే రేటు మారుతుంది. కొన్ని సెకన్లకోసారి ఆ క్షణపు రేటు చూసి కొత్త ముక్క కలుపుకుంటుంది. కిరాణా కొట్లో ఖాతా రాసినట్టే. 12 మీటర్ల దగ్గర గాలితో పీఓటూ 0.46 మాత్రమే. 0.5 దాటకపోతే చాలా కంప్యూటర్లు ఏమీ రాయవు.

పైకి వచ్చాక ఖాతా కరుగుతుంది. ప్రతి 90 నిమిషాలకు సగమవుతుందని ఎక్కువ కంప్యూటర్లు లెక్కవేస్తాయి. ఈ 90 అనేది మనుషుల మీద కొలిచి తేల్చిన అంకె కాదు, పనికొస్తుందని పెట్టుకున్న అంచనా. అయినా దానితోనే మీ 9 శాతం ఎప్పటిదో చెప్పొచ్చు. ఒక రాత్రి గడిస్తే ఎనిమిదిసార్లు సగమై, ఎంత ఉన్నా దాదాపు సున్నా అయిపోయేది. కాబట్టి అది ఆ పొద్దుటి డైవ్‌దే.

మీకు జరిగినదానిలో ప్రమాదం లేదు. ఎవరిదో అదనపు నైట్రోజన్, ఆక్సిజన్ మీ లెక్కలో పడ్డాయి, కాస్త ముందుగా పైకి రమ్మంటుంది. భయపడాల్సింది దీనికి తిరగేసిన సందర్భంలో. పొద్దున మీరు కట్టుకున్నది మధ్యాహ్నం ఇంకొకరి చేతికి వెళ్లి, మీకు సున్నాతో ఉన్నది దొరికితే, మీ పొద్దుటి డైవ్ దానికి తెలియదు. అద్దె కంప్యూటరైతే సీరియల్ నంబరు రాసుకుని రోజంతా అదే అడగండి.

ప్రశ్న: అండమాన్‌లో టెక్నికల్ డైవ్ చేశాం. నేనూ నాతో జతగా దిగిన బడ్డీ ఒకే లోతు, ఒకే గ్యాస్‌లు. 21 మీటర్ల దగ్గర 50 శాతం ఆక్సిజన్ మిశ్రమానికి మారాం. పైకి వచ్చేసరికి నా కంప్యూటర్లో 31 శాతం, తనదాంట్లో 41. ఏది తప్పు? (హైదరాబాద్)

రెండూ తప్పు కాకపోవచ్చు. నోవా పట్టికలో 1.5కూ 1.6కూ మధ్య గడి లేదు. మీరు సరిగ్గా ఆ ఖాళీలో ఆగారు. 21 మీటర్ల దగ్గర 3.1 బార్, దానిలో సగం 1.55.

ఆ ఖాళీని ఎలా పూరించాలన్నది తయారు చేసినవాళ్ల ఇష్టం. అక్కడ 10 నిమిషాలు ఆగారనుకుందాం. 120కీ 45కీ మధ్య గీత గీసి సగం దగ్గర 82.5 నిమిషాలు తీసుకుంటే 12 శాతం. నిమిషాలకు బదులు నిమిషానికి పెరిగే శాతాన్ని సగటు చేస్తే 15. ‘1.5 దాటింది కదా, 1.6 కిందే రాసేద్దాం’ అనుకుంటే 22. ఒకే మనిషి, ఒకే ఊపిరి, మూడు జవాబులు. మీ ఇద్దరి మధ్య ఉన్న 10 శాతం తేడా ఈ ఒక్క స్టాపులోనే వచ్చేయొచ్చు.

దీనికి తోడు లోతులో తేడా ఉంటుంది. 50 శాతం మిశ్రమంతో ఒక మీటరు కిందికి జారితే పీఓటూ 0.05 పెరుగుతుంది. 22 మీటర్ల దగ్గర పూర్తి 1.6. అక్కడ నిమిషానికి 2.2 శాతం పడుతుంది, 1.4 దగ్గర పడేది 0.67 మాత్రమే. గ్యాస్ మార్చేటప్పుడు తాడు పట్టుకున్న ఇద్దరిలో ఒకరు భుజమంత కిందగా ఉన్నా ఆ తేడా అంకెలో కనబడుతుంది. 6 మీటర్ల దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో డీకో (ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోయేదాకా దారిలో ఆగడం) చేసేవాళ్లకూ ఇదే గొడవ. అదీ సరిగ్గా 1.6 బారే, 20 నిమిషాలకు 44 శాతం. 5 మీటర్ల దగ్గర నిలబడితే 1.5, అప్పుడు 20 నిమిషాలకు 17 చాలు. ఒక్క మీటరుకు ఇంత తేడా ఇంకెక్కడా రాదు.

1.6 పైన నోవా పట్టికలో మామూలు డైవింగ్‌కు అంకెలే లేవు. కొన్ని కంప్యూటర్లు అక్కడికి వెళ్లగానే సెకన్లలో శాతాలు పెంచేస్తాయి, కొన్ని అలారంతో సరిపెడతాయి.

రెండు అంకెల్లో పెద్దదాన్ని ఇద్దరికీ లెక్కగా పెట్టుకుని తర్వాతి డైవ్ ప్లాన్ చేయండి.

ప్రశ్న: వచ్చే నెల మాల్దీవుల్లో వారం పాటు బోటులోనే ఉండి రోజుకు 4 డైవ్‌లు, అన్నీ నైట్రాక్స్ 32తో. ఆక్సిజన్ పేరుకుపోదా? ఓటీయూ అనేదాన్ని కూడా చూడాలంటున్నారు. (బెంగళూరు)

లెక్క వేసి చూద్దాం. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కు 30 మీటర్లే హద్దు. అక్కడ 32 శాతంతో పీఓటూ 1.28. అంటే నిబంధన పాటించినంతసేపూ డైవర్లు మామూలుగా పెట్టుకునే 1.4 హద్దు దాటరు. రీఫ్ మీద డైవ్ అంటే అంతసేపూ అడుగునే ఉండరు, సగటు లోతు 18 మీటర్లు అనుకుందాం. 2.8ని 0.32తో గుణిస్తే 0.9. పట్టికలో 360 నిమిషాలు. 60 నిమిషాల డైవ్‌కు 16.7 శాతం.

మధ్యలో 90 నిమిషాల విరామం ఉంటే అది 8.3 అవుతుంది. రెండో డైవ్ తర్వాత 25. విరామం తర్వాత 12.5, మూడో డైవ్ తర్వాత 29. నాలుగో దానికి 31. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు, ఇదే వరసలో ఎన్ని డైవ్‌లు చేసినా 33.3 దాటదు. రాత్రి పడుకుని లేచేసరికి మళ్లీ సున్నా దగ్గర.

అయితే ఈ కరగడాన్ని మరీ నమ్ముకోవద్దు. నోవా 24 గంటలకు వేరే హద్దు కూడా పెట్టింది. 0.9 దగ్గర అది కూడా 360 నిమిషాలే. అంటే కరగడం లేకుండా నాలుగు డైవ్‌లనూ నేరుగా కూడితే 67 శాతం. అదీ హద్దులోపలే. చాలా కంప్యూటర్లు ఈ రెండో లెక్క విడిగా చూపించవు, కాగితం మీద వేసుకోవాల్సిందే. మాకు ఈ రెండో లెక్క మీదే గురి ఎక్కువ.

ఓటీయూ సంగతి వేరు. ఆక్సిజన్ రెండు రకాలుగా దెబ్బ తీస్తుంది. మెదడు మీద పడి ఫిట్స్ తెప్పించేది ఒకటి. దీన్ని 1878లో పాల్ బెర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బయటపెట్టాడు, కంప్యూటర్లోని సీఎన్‌ఎస్ శాతం దీనికే. గంటల తరబడి, రోజుల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులను వాచేలా చేసేది రెండోది. 1899లో లొరేన్ స్మిత్ దీన్ని వివరించాడు, ఓటీయూ దీని కొలత. 1 బార్ ఆక్సిజన్‌ను ఒక్క నిమిషం పీలిస్తే 1 ఓటీయూ. 0.5 కిందైతే సున్నా. 0.9 దగ్గర నిమిషానికి 0.83. కాబట్టి మీ గంట డైవ్‌కు 50, రోజుకు 200.

బిల్ హామిల్టన్ అనే అమెరికా డైవింగ్ శాస్త్రవేత్త రూపొందించిన రెపెక్స్ పద్ధతిలో మొదటి రోజు ఒక్కటే అయితే 850 వరకు, రెండు రోజులైతే రోజుకు 700, వారమంతా అయితే రోజుకు 380, పది రోజులు దాటితే 300. మీ 200 వీటన్నిటికీ కిందే. వినోద డైవర్‌కు ఓటీయూ హద్దు దాటడం దాదాపు అసాధ్యం. అది వదిలిన ఊపిరినే శుద్ధి చేసి మళ్లీ అందించే రీబ్రీదర్‌తో రోజుకు మూడేసి గంటలు తిరిగేవాళ్లకూ, ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టి డీకో జబ్బు వచ్చి చాంబర్ చికిత్స పొందాల్సినవాళ్లకూ పనికొచ్చే అంకె. పొడి దగ్గు, గట్టిగా గాలి పీలిస్తే రొమ్ములో మంట దాని మొదటి గుర్తులు. సుంటో కంపెనీ కంప్యూటర్ల పాత మోడళ్లలో ఓఎల్‌ఎఫ్ అని ఒకే పట్టీ ఉంటుంది. సీఎన్‌ఎస్, ఓటీయూల్లో ఏది ఎక్కువ వాడుకుంటే అదే అందులో కనబడుతుంది.

ప్రశ్న: సిలిండర్ మీద 32 అని రాసి ఉంటే కంప్యూటర్లో 32 పెట్టేస్తే చాలదా? ప్రతిసారీ ఆక్సిజన్ శాతం కొలిచే అనలైజర్ పెట్టి చూడాలా? (గుంటూరు)

చాలదు. ప్రతిసారీ చూడాలి, మీ చేత్తోనే చూడాలి.

కంప్యూటర్ మీరు చెప్పిందే నమ్ముతుందన్నాం కదా. 32 అని పెట్టారు, సిలిండర్లో 36 ఉంది. 33 మీటర్ల దగ్గర మొత్తం పీడనం 4.3 బార్. కంప్యూటర్ 1.38 అనుకుని నిమ్మళంగా ఉంటుంది. మీరు పీల్చేది 1.55. అలారం మోగదు. దీనికి తిరగేస్తే, 32 పెట్టి మామూలు గాలితో దిగారు. 30 మీటర్ల దగ్గర నైట్రోజన్ 2.72 బార్ అని అది రాసుకుంటుంది, ఒంట్లోకి వెళ్లేది 3.16. ఇంకా టైముందని చూపిస్తూనే ఉంటుంది, మీరు డీకో హద్దు దాటి ఉంటారు. బోటు మీద ఎక్కువగా జరిగేది ఈ రెండోదే. పొద్దున నైట్రాక్స్, మధ్యాహ్నం గాలి, మార్చడం మరిచిపోవడం. అందుకే కొన్ని మోడళ్లలో డైవ్ అయిపోయి 10 నిమిషాలు గడిస్తే సెట్టింగు దానంతటదే 50కి పోతుంది. ఆక్సిజన్‌ను 50 శాతంగా, నైట్రోజన్‌ను గాలిలో ఉన్నట్టు 79 శాతంగా లెక్కపెడుతుంది. మరిచిపోయి దిగితే వెంటనే గోల చేస్తుంది. చిరాకు పుట్టించే ఏర్పాటే, కానీ మంచిది.

అనలైజర్‌ను వాడే వరస ఇది. సిలిండర్ వాల్వ్ ఒక్క క్షణం తెరిచి మూయండి, దుమ్ము పోతుంది. అనలైజర్‌ను మామూలు గాలి సిలిండర్‌కు తగిలించి, నిమిషానికి 1 నుంచి 2 లీటర్ల ప్రవాహంతో, అంకె కదలకుండా నిలిచాక 20.9కి సరిచేయండి. తర్వాత నైట్రాక్స్ సిలిండర్‌కు మార్చి అదే ప్రవాహంతో చూడండి. గాలి ధాటిగా కొడితే అనలైజర్ లోపల ఆక్సిజన్‌ను పసిగట్టే సెల్ మీద ఒత్తిడి పెరిగి అంకె ఎక్కువ చూపుతుంది. అర నిమిషం నుంచి నిమిషం ఆగి, నిలిచిన అంకెనే రాసుకోండి.

గాలి సిలిండర్ ఎందుకు, గదిలో గాలి చాలదా? మన తీరంలో చాలదు. 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉన్న రోజు గాలిలో నీటి ఆవిరే 3 శాతం పైన ఉంటుంది, ఆక్సిజన్ 20.2 దగ్గరకు దిగుతుంది. దాన్ని 20.9 అని చెప్పి సరిచేస్తే, పొడిగా ఉండే సిలిండర్ గ్యాస్‌లో నిజమైన 32ను అనలైజర్ 33 అని చూపిస్తుంది. మీరు 33 పెడతారు, నైట్రోజన్ లెక్క తక్కువ పడుతుంది. 20.9కి ఎంత తిప్పినా రాకపోయినా, అంకె పాకుతూనే ఉన్నా సెల్ అయిపోయింది. వాడినా వాడకపోయినా రెండు మూడేళ్లలో దాని ఆయుష్షు తీరుతుంది.

31.6 వచ్చిందనుకోండి. ఆక్సిజన్ లోతుహద్దు 32తో వేసుకోండి, కంప్యూటర్లో 31 పెట్టండి. రెండు లెక్కలూ మీ మేలుకే వంగుతాయి. 1.4 బార్ ప్రకారం 32 శాతానికి హద్దు 33 మీటర్లు, 36కి 28, 40కి 25. సిలిండర్ మెడ మీద టేపు అంటించి శాతం, ఆ లోతు, తేదీ, మీ సంతకం వేయండి. సంతకం లేని సిలిండర్ ఎవరిదో తెలియని సిలిండరే.

ప్రశ్న: మా ఆసుపత్రి హైపర్‌బారిక్ చాంబర్లో (పీడనం పెంచిన గదిలో) రోగులకు 2.4 అట్మాస్ఫియర్ల (దాదాపు అన్నే బార్ల) దగ్గర స్వచ్ఛమైన ఆక్సిజన్ గంటన్నర ఇస్తాం. వాళ్లకేమీ కాదు. డైవర్లకు 1.4, 1.6 అని ఇంత భయం ఎందుకు? 100 శాతం దాటితే నిజంగా ఫిట్స్ వస్తాయా? (చెన్నై)

మీ రోగి పొడిగా, కదలకుండా, పడుకునో కూర్చునో ఉంటాడు. మధ్యమధ్య మాస్కు తీసి మామూలు గాలి ఇస్తారు. ఫిట్స్ వచ్చినా మాస్కు లాగేస్తే కాసేపటికి తేరుకుంటాడు. నీళ్లలో ఫిట్స్ వచ్చిన మనిషి నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ జారిపోతుంది. ప్రాణం పోయేది ఆక్సిజన్‌తో కాదు, నీళ్లు మింగి.

అదీగాక నీళ్లలో ఉండటమే హద్దును కిందికి దించుతుంది, ఒళ్లు కష్టపెడితే ఇంకా దించుతుంది. 1942 నుంచి బ్రిటిష్ రాయల్ నేవీలో కెన్నెత్ డొనాల్డ్ చేసిన పరీక్షల్లో ఇది స్పష్టంగా తేలింది. వాటిలో ఒక ఫలితం డైవర్లందరికీ తెలిసి ఉండాలి. ఒకే మనిషిని 70 అడుగుల లోతులో మూడు నెలల పాటు పదేపదే ఆక్సిజన్ మీద పెట్టి చూశారు. లక్షణాలు మొదలవడానికి ఒక రోజు 7 నిమిషాలు పట్టింది, ఇంకో రోజు 148. మనిషి మారలేదు, లోతు మారలేదు.

కాబట్టి 100 శాతం దగ్గర గోడేమీ లేదు. 110కీ ఏమీ కాకపోవచ్చు, 40కే కావచ్చు. పీఓటూ 1.3 దగ్గర 60 శాతం పేరుకున్న డైవర్ కన్నా, 1.7 దగ్గర అప్పుడే 8 శాతం చూపిస్తున్న డైవర్ గురించే మేం కంగారు పడతాం. శాతం జరిగిపోయిన ఖర్చు చెబుతుంది. పీఓటూ ఇప్పుడు పీలుస్తున్నది చెబుతుంది. తెర మీద ముందు చూడాల్సింది దాన్ని. పని చేసేటప్పుడు 1.4, కదలకుండా డీకో స్టాపులో వేలాడేటప్పుడు మాత్రమే 1.6 అనే అలవాటు అందుకే వచ్చింది.

ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే మెదడుకు రక్తం ఎక్కువ పారుతుంది, దాంతోపాటు ఆక్సిజనూ ఎక్కువ చేరుతుంది. ప్రవాహానికి ఎదురీదడం, గ్యాస్ మిగల్చాలని ఊపిరి బిగబట్టి పీల్చడం, ఇవేవీ కంప్యూటర్‌కు తెలియవు. ముక్కుదిబ్బడకు వేసుకునే సూడోఎఫిడ్రిన్ మాత్ర మీద కూడా అనుమానం ఉంది. నైట్రాక్స్ రోజున మానేయడం మేలు.

పెదవులు అదరడం, చూపు గొట్టంలోంచి చూసినట్టు ఇరుకవడం, చెవుల్లో హోరు, వికారం, కారణం లేని విసుగు కనబడితే పైకి కదలండి. అయితే వీటిలో ఒక్కటీ లేకుండా నేరుగా ఫిట్సే రావచ్చు. చాలా కంప్యూటర్లు 80 దగ్గర ఒకసారి, 100 దగ్గర ఒకసారి అలారం ఇస్తాయి. మోగితే కంగారుగా పైకి ఎగరొద్దు. నిమిషానికి 9 మీటర్లు దాటకుండా లోతు తగ్గించండి, స్టాపులు ఎగ్గొట్టొద్దు. ఆక్సిజన్ మీద డీకో చేస్తుంటే 20 నిమిషాలకోసారి 5 నిమిషాలు తక్కువ ఆక్సిజన్ ఉన్న గ్యాస్ పీల్చండి. శాతం పెద్దగా దిగదు, ఎందుకంటే ఈ విరామం వల్ల మెదడుకు దొరికే ఊరటకు దాని లెక్కలో చోటు లేదు. అయినా మానొద్దు.

ప్రశ్న: మంచినీటి చెరువులో డైవ్ చేస్తూ కంప్యూటర్‌ను ఉప్పునీటి సెట్టింగులోనే ఉంచేశాను. ఆక్సిజన్ లెక్క తప్పుతుందా? బ్యాటరీ మారిస్తే? (వరంగల్)

మొదటిదానికి, తప్పదు. సెన్సరు కొలిచేది పీడనాన్నే, పీఓటూ దాన్నుంచే వస్తుంది. సెట్టింగు వల్ల మారేది తెర మీది లోతు అంకె మాత్రమే, అదీ రెండు మూడు శాతం.

బ్యాటరీకి జాగ్రత్త కావాలి. కొన్ని మోడళ్లలో బ్యాటరీ తీయగానే సీఎన్‌ఎస్, నైట్రోజన్ లెక్కలు రెండూ చెరిగి సున్నా అవుతాయి, మీ ఒళ్లు మాత్రం సున్నా కాదు. మీ మోడల్ అలాంటిదో కాదో మాన్యువల్లో చూసుకోండి. చెరిగేదైతే బ్యాటరీని ట్రిప్ మొదలవక ముందే మార్చేయండి. మధ్యలో తప్పనిసరై మార్చాల్సి వస్తే 24 గంటలు ఆగి దిగండి.